ఇంట్లో బీరు తయారుచేసుకోవచ్చా సార్?

ప్ర: సార్, మాది ఒంగోలు, ఉద్యోగం కోసం వచ్చి బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నా. కంపెనీ పని మీద లండన్ వెళ్తే అక్కడ మా కొలీగ్ వంటింట్లోనే ప్లాస్టిక్ బకెట్‌లో బీరు చేసుకుని తాగుతున్నాడు, రుచి కూడా బానే ఉంది. మా ఫ్లాట్‌లో నేనూ చేద్దామనుకుంటున్నా, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

జ: మొదలుపెట్టకండి అనే చెప్తా. మీ కొలీగ్ దేశంలో సొంతానికి చేసుకునే బీరుకి 1963 నుంచి లైసెన్స్ అక్కర్లేదు, మన దగ్గర అలా కాదు. కర్ణాటక ఎక్సైజ్ చట్టం, 1965 ప్రకారం లైసెన్స్ లేకుండా మద్యం తయారుచేస్తే నేరం, అమ్మట్లేదు సార్ నేనొక్కణ్ణే తాగుతా అంటే ఎక్సైజ్ వాళ్లు వినరు. ఇందిరానగర్ పబ్బుల్లో ట్యాంకులు పెట్టి అందరి ముందే చేస్తున్నారుగా అంటారేమో, వాళ్లకి మైక్రోబ్రూవరీ లైసెన్స్ ఉంటుంది.

అడిగారు కాబట్టి అసలు బీరు ఎలా అవుతుందో చెప్తా. బార్లీని మొలకెత్తించి ఎండబెడితే మాల్ట్, దాన్ని 65-68 డిగ్రీల నీళ్లలో గంటసేపు ఉంచితే గింజలో పిండి చక్కెర అవుతుంది, వడకట్టి హాప్స్ (చేదుగా ఉండే ఒక తీగ పూలు) వేసి ఇంకో గంట మరిగిస్తే చేదెక్కుతుంది, చల్లార్చి ఈస్ట్ (పులియబెట్టే సూక్ష్మజీవి) వేస్తే అది చక్కెర తిని ఆల్కహాల్, గ్యాస్ వదుల్తుంది. అంతే! కష్టమంతా గిన్నెలు కడుక్కోవడంలోనే, సరిగ్గా కడక్కపోతే మొత్తం పులిసి పారబోయడమే.

ఆ సరదా తీరాలంటే అల్లం సోడా పెట్టండి, ఈస్ట్‌తో పనెలా ఉంటుందో దీంతోనే తెలుస్తుంది. సీసాలో అర లీటరు నీళ్లు పోసి, తొక్కతో సహా తురిమిన అల్లం ఒక స్పూను, చక్కెర ఒక స్పూను వెయ్యండి, రోజూ అంతే వేస్తూ కలపండి. తొక్క తియ్యొద్దు, ఈస్ట్ ఉండేది దాని మీదే. కొళాయి నీళ్లయితే మరిగించి చల్లార్చాలి, లేకపోతే క్లోరిన్ ఈస్ట్‌ని చంపేస్తుంది. నాలుగైదు రోజులకి, చలికాలమైతే వారానికి, కలిపినప్పుడల్లా సన్నగా చిటచిటమంటూ పైన నురగ తేలుతుంది, అప్పుడు లీటరు నీళ్లలో 50 గ్రాముల అల్లం, 100 గ్రాముల చక్కెర మరిగించి పూర్తిగా చల్లారాక (వేడి మీద పోస్తే ఈస్ట్ చచ్చిపోతుంది) నిమ్మరసం పిండి, ఆ నురగ నీళ్లు పావు కప్పు వడకట్టి కలిపి కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ బాటిల్లో పొయ్యండి. రెండంగుళాలు ఖాళీ ఉంచాలి. మూత బిగించి బయటే ఉంచి, బాటిల్ నొక్కితే గట్టిగా తగలగానే ఫ్రిజ్‌లోకి, అందుకు ఒకట్రెండు రోజులు చాలు. ఇంకా బయటే ఉంచితే దీన్లోనూ ఆల్కహాల్ పెరుగుతుంది. ఎంత త్వరగా ఫ్రిజ్‌లో పెట్టినా కాస్తయినా ఉంటుంది కాబట్టి పిల్లలకీ గర్భిణులకీ వద్దు.

ప్ర: మేం చెన్నై వేళచ్చేరిలో ఉంటాం. మావాడు ఇలాంటి అల్లం సోడానే గాజు సీసాలో పోసి బిగించి వంటింట్లో పెడితే అర్ధరాత్రి పేలింది, ఎందుకని?

జ: అదృష్టం, పక్కన ఎవరూ లేరు. మీ ఊరి ఎండకి ఈస్ట్ రెట్టింపు హుషారుగా పనిచేస్తుందండి, గ్యాస్ బయటికి పోయే దారిలేదు, మామూలు గాజు ఆ ఒత్తిడికి ఆగదు. ప్లాస్టిక్ బాటిలే వాడమనండి, మే నెలలో అయితే పూటపూటకీ నొక్కి చూడాల్సిందే.