చిగుళ్లు బాగున్నా ఆ కణాలు ఎందుకున్నాయి?

ప్రశ్న: బ్రష్ చేస్తుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. డెంటిస్టుకు చూపిస్తే ‘మీ రక్షణ కణాలే అతిగా స్పందిస్తున్నాయి’ అన్నారు. అంటే చిగుళ్లు బాగున్నవాళ్లకు అవి ఉండవా? ఇమ్యూనిటీ పెంచే మాత్రలు వేసుకుంటే తగ్గుతుందా, ముదురుతుందా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ఉంటాయండీ, బోలెడు ఉంటాయి. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు పంటికీ చిగురుకూ మధ్య ఉన్న సందులోంచి నోట్లోకి వస్తూనే ఉంటాయి, నిమిషానికి సుమారు 30 వేలని ఒక అంచనా. వాటితోపాటు టి కణాలు, మాక్రోఫేజ్‌లు అనే మరికొన్ని రక్షణ కణాలు కూడా లోపల కాపురమే పెట్టి ఉంటాయి. ఎందుకంటే సూక్ష్మజీవులు పంటిమీద ఎప్పుడూ ఉంటాయి, పైగా నమిలిన ప్రతిసారీ చిగురుకు కాస్త రాపిడి తప్పదు. టి కణాల్లో టిహెచ్17 అనే రకం చిగుళ్లలో పెరగడానికి ఆ నమలడం వల్ల కలిగే ఒత్తిడే ఒక కారణమని ఎలుకల మీద పరిశోధనల్లో తేలింది.

కణాలు ఉండటం జబ్బు కాదు. పాచి పేరుకుపోయినప్పుడే తంటా. ముందు న్యూట్రోఫిల్స్ రాక పెరుగుతుంది, తర్వాత టి కణాలు గుమికూడతాయి, అలాగే వదిలేస్తే బి కణాలు, వాటినుంచి పుట్టి యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు చిగురంతా నిండిపోతాయి. ఈ దశలో టి, బి కణాలు విడుదల చేసే సంకేతాలకు, పంటిని పట్టి ఉంచే ఎముకను కరిగించే కణాలు చురుగ్గా తయారవుతాయి, పన్ను కదలడం మొదలయ్యేది అక్కడే. మీ డెంటిస్టు చెప్పింది ఇదే, కాకపోతే సగమే చెప్పారు. ఆ కణాల్ని అంతగా రెచ్చగొట్టేది పాచే.

అలాగని ఆ కణాలే లేకపోతే హాయి అనుకోకండి. పుట్టుకతోనే న్యూట్రోఫిల్స్ రక్తనాళం దాటి బయటికి రాలేని అరుదైన జబ్బొకటి ఉంది. ఆ పిల్లలకు చిన్నప్పుడే చిగుళ్లు పాడై పళ్లు ఊడిపోతాయి, ఎందుకంటే న్యూట్రోఫిల్స్ చేరకపోతే వాపును అదుపుచేసే సంకేతం ఆగిపోయి, వాపును పెంచే ఐఎల్-17 అనే రసాయనం అదేపనిగా పెరుగుతుంది. ఇప్పుడు చెప్పండి, ఇమ్యూనిటీ ‘పెంచాలా’, ‘తగ్గించాలా’? నన్నడిగితే ఆ ప్రశ్నే తప్పు. మాత్రల డబ్బులు మిగుల్చుకోండి.

1965లో డెన్మార్క్‌లో కొందరు ఆరోగ్యవంతుల చేత పళ్లు తోముకోవడం మాన్పించి చూశారు (పాపం, ఒప్పుకున్నారు!). 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి, మళ్లీ శుభ్రంగా తోమడం మొదలుపెట్టాక వారం పదిరోజుల్లో మామూలయ్యాయి. ఎముక జోలికి వెళ్లని వాపు ఇలా వెనక్కి తగ్గుతుంది. కరిగిన ఎముక మాత్రం దానంతటది తిరిగి రాదు.

కాబట్టి రక్తం వస్తోందని బ్రష్ ఆపకండి, మెత్తని బ్రష్‌తో చిగురు అంచు దాకా తోమండి, పళ్ల సందులు కూడా శుభ్రం చేయండి. గట్టిపడిన గార బ్రష్‌కు లొంగదు, క్లీనింగ్ చేయించుకోవాల్సిందే. రెండు వారాలైనా రక్తం ఆగకపోతే మళ్లీ చూపించుకోండి, షుగర్ పరీక్ష కూడా చేయించండి, ఎందుకంటే షుగర్ అదుపులో లేకపోతే ఈ వాపు త్వరగా ముదురుతుంది. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగేవాళ్లుంటే వాళ్లకూ చెప్పండి: పొగ వల్ల చిగుళ్ల నుంచి రక్తం కారడం తగ్గుతుంది, అందుకే లోపల ఎముక పోతున్నా చాలామందికి తెలియదు.