ఆ తలుపు ఏ చెక్క?

అమ్మాయీ,

నీ నవల పీడీఎఫ్ అందింది. ఫోన్‌లో చదవడం నా కళ్ళ వల్ల కాదు కాబట్టి వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకున్నాను. 184 పేజీలు. ఒకసారి కథ కోసం చదివాను, ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. "మొహమాటం లేకుండా చెప్పండి మాస్టారూ, చాలా టెన్షన్‌గా ఉంది" అని రాశావు. అంత టెన్షన్ పడాల్సిందేమీ లేదు. నీకు కథ నడపడం వచ్చు. నాయనమ్మ చేత మాట్లాడించిన చోట్ల నేను పెన్సిల్ పక్కన పెట్టి చదువుకుంటూ పోయాను. ఇబ్బందంతా నాలుగో అధ్యాయంలో మొదలైంది.

అక్కడ నీ కథానాయిక నల్లమలలోకి వెళ్తుంది. "దట్టమైన అడవి. ఆకాశాన్నంటే చెట్లు. ఎక్కడో ఏదో పక్షి కూత." కొంతదూరం పోయాక పాడుబడ్డ గుడి. గుడి వెనక ఒక పాత తలుపు, మంత్రం చదివితే తెరుచుకుంటుంది. ఆ తలుపు పక్కన మార్జిన్‌లో ఒక్క ప్రశ్న రాశాను: ఇది ఏ చెక్క?

ఎగతాళి చేస్తున్నానని అనుకోకు. నీ మంత్రం మీద నాకు అనుమానం రాలేదు, తలుపు మీద వచ్చింది. ఆ తలుపు అక్కడ లేదు. ఆ అడవీ లేదు. "ఏదో పక్షి" అని రాశావంటే ఆ పక్షిని నువ్వు వినలేదన్నమాట. నువ్వు విననిది నాకెలా వినిపిస్తుంది?

ఈ తప్పు నేనూ చేశాను. నా తొలి కథల్లో ఒకదాంట్లో కార్తీకమాసంలో కథానాయకుడు మోదుగ పూలు కోసుకొచ్చి ఇస్తాడు. అచ్చయిన నెలకి ఒక పోస్టుకార్డు వచ్చింది. అడవి శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి రాశాడు: మోదుగ పూసేది మాఘ ఫాల్గుణాల్లో, అప్పటికి ఆకు కూడా రాలిపోయి ఉంటుంది, మీ వాడు కార్తీకంలో కోసింది మరేమిటో కనుక్కోండి అని. రెండు రోజులు అన్నం సయించలేదు నాకు. హోలీకి ఆ పూలు నానబెట్టి రంగు తీసే ఊళ్ళో పెరిగినవాణ్ణి నేను! తెలియక కాదు, రాసేటప్పుడు చెట్టు వైపు చూడక అలా రాశాను. అందంగా ఉందని మాట వేసేశాను.

అందుకే నీకు సలహాలు రాసే బదులు ఒక పెట్టె పంపిస్తున్నాను. కొరియర్‌లో రెండు మూడు రోజుల్లో చేరుతుంది. తెరవగానే ఇదేమిటి, కలగూరగంపలా ఉంది అనుకుంటావు. అడవి మీద ఒకటి, జ్యోతిషుడు రాసింది ఒకటి, ఇళ్ళు కట్టే శాస్త్రం, మాయల కథలు, సాంఘిక చరిత్ర. "నవల ఎలా రాయాలి" అని చెప్పే పుస్తకం ఒక్కటీ లేదు. నలభై ఏళ్ళలో నాకు కథలు ఇచ్చినవి మాత్రం ఇవే.

ముందు చెంచుల పుస్తకం తియ్యి. హైమెండార్ఫ్ అని ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాద్ సంస్థానంలో ఉండి అడవి మనుషుల మధ్య తిరిగాడు. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ గోండుల మీద 1948లో పుస్తకాలు వేశాడు. ఇంగ్లీషులోనే ఉంది, అయినా నీకు కష్టం కాదు. చెంచులు మాట్లాడేది తెలుగే కాబట్టి పేజీల మధ్యలో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పేర్లు తగులుతుంటాయి, వాటిని గట్టిగా చదువు. వాళ్ళ గారెలమైసమ్మ దగ్గర కొంచెం ఆగు. వేటకి పోయేటప్పుడు ఆమెకి మొక్కుతారు, వేట దొరికితే మాంసంలో ఆమె వంతు ఆమెకి పెడతారు. అంతే. పొగలు రావు, మెరుపులు మెరవవు. ఆకలి ఉన్న మనిషి, అడవి ఇస్తేనే తినే మనిషి మొక్కితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నీ మంత్రగాడు పేజీన్నర సంస్కృతం చదువుతాడు కదా, ఆ పేజీన్నర పక్కన దీన్ని పెట్టి చూసుకో. అయితే హైమెండార్ఫ్ బయటివాడు, ఎనభై ఏళ్ళ కిందటివాడు. ఆయన చూపే ఆఖరి మాట అనుకోకు.

చెట్ల పేర్లు మాత్రం పుస్తకాల్లోంచి తెచ్చుకోకు. శాస్త్రీయ నామాలు నేర్చుకుని ఏం చేస్తావు? సెలవు పెట్టి వెళ్ళి అక్కడివాళ్ళని అడుగు. నల్లమద్ది, తునికి, ఇప్ప, బిల్లుడు, చండ్ర, ఏగిస. ఏగిస చెక్కతో చేసిన గ్లాసులో రాత్రి నీళ్ళు పోసి ఉంచితే తెల్లారేసరికి రంగు మారతాయి. షుగర్ ఉన్నవాళ్ళు తాగుతుంటారు. షుగర్ తగ్గుతుందా లేదా అన్నది డాక్టర్లు చూసుకుంటారు, రంగు మారడం మాత్రం నేను కళ్ళారా చూశాను. నీ నవల మొత్తంలో ఇంత చక్కటి మాయ ఒక్కటీ లేదు.

రెండోది వరాహమిహిరుడి బృహత్సంహిత. ఆరో శతాబ్దం. అందరూ దాన్ని జ్యోతిషం పుస్తకం అంటారు గానీ అందులో వానలు, వజ్రాలు, ఇళ్ళు, చెట్లకి వచ్చే జబ్బులు, అన్నీ ఉన్నాయి. విగ్రహానికి చెక్క కోసం అడవిలోకి వెళ్ళడం గురించి ఒక చిన్న అధ్యాయం ఉంది. ఆ పేజీలో వేపరెమ్మ పెట్టాను. శ్మశానం దగ్గరి చెట్టు వద్దు, పిడుగు పడ్డది వద్దు, పక్షి గూళ్ళున్నది వద్దు అంటాడు. మంచి చెట్టు దొరికాక వెంటనే కొట్టకూడదు. రాత్రి దానికి పూజ చేసి, బలి పెట్టి, అందులో కాపురం ఉంటున్న భూతాలతో చెప్పుకోవాలి: మేం పెట్టింది తీసుకుని దయచేసి ఇంకోచోట ఇల్లు చూసుకోండి, ఈవేళకి మమ్మల్ని క్షమించండి, మీకు నమస్కారం అని. తెల్లారాక చెట్టుకి నీళ్ళు పోసి, తేనే నెయ్యీ రాసిన గొడ్డలితో ఈశాన్యం వైపు మొదటి దెబ్బ వేసి, అక్కణ్ణుంచి ప్రదక్షిణంగా నరకాలి.

మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. అది దయ్యాన్ని తరమడం కాదు. అద్దెకున్నవాళ్ళని బతిమాలి ఖాళీ చేయించడం! నరికేవాడు భయపడుతున్నాడు, సిగ్గుపడుతున్నాడు, అయినా చెక్క కావాలి. ఆ తేనె గొడ్డలికి ఎందుకు రాస్తున్నాడో ఆయన వివరించడు. వివరించకపోవడమే మంచిదైంది. నీ నవల్లో మంత్రగాడు ప్రతి మంత్రానికీ ముందు కారణం చెప్తాడు, తర్వాత మంత్రం చదువుతాడు, చివర్లో మళ్ళీ కారణం చెప్తాడు. మా స్కూల్లో నేను పాఠం చెప్పినట్టే ఉంది.

ఇక లావుపాటిది సమరాంగణ సూత్రధారం. ధారా నగరంలో ఏలిన భోజరాజు పేర వచ్చింది, పదకొండో శతాబ్దం. ఊరు వెయ్యడం, కోట, ఇల్లు, గుడి, బొమ్మలు గీయడం దాకా 83 అధ్యాయాలు. అన్నీ చదవమని హింసించను. ముప్ఫై ఒకటో అధ్యాయం యంత్రాల గురించి, అది చదువు. దీపంలో నూనె పోస్తూ తాళానికి తగ్గట్టు నాట్యమాడే చెక్కబొమ్మ, నీళ్ళు తాగే చెక్క ఏనుగు, తేలికైన చెక్కతో చేసిన పెద్ద పక్షి ఉంటాయి. ఆ పక్షి కడుపులో పాదరసం యంత్రం, దాని కింద నిప్పు. దీన్ని పట్టుకుని మనవాళ్ళు ఆనాడే విమానాలు నడిపారని వాట్సాప్‌లో తిప్పేవాళ్ళుంటారు, ఆ గోలలోకి వెళ్ళకు. నాకు ముఖ్యమనిపించింది వేరే ఉంది. ఇన్ని చెప్పినవాడు వీటిని బిగించే పద్ధతి మాత్రం చెప్పనంటాడు. రహస్యం కాపాడడానికే చెప్పలేదు గానీ తెలియక కాదు సుమా అని కూడా అంటాడు! ఎంత గడుసుతనమో చూడు. మాయ రాసేవాడికి ఈ గడుసుతనం కావాలి. "తేలికైన చెక్క" అని పేరు పెట్టి చెప్తాడు, పాదరసం ఎక్కడుంటుందో చెప్తాడు, కీలకం దగ్గర నోరు మూసుకుంటాడు. నువ్వు దీనికి సరిగ్గా తలకిందులుగా రాశావు. వస్తువు దగ్గర మౌనం, కీలకం దగ్గర ఉపన్యాసం.

ఆ తేలికైన చెక్క ఏదై ఉంటుందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ధారలో ఏం దొరికేదో గానీ ఆ పక్షిని మన దగ్గర చెయ్యమంటే నిర్మల్‌లోనో కొండపల్లిలోనో బొమ్మలు చెక్కేవాళ్ళు పొనికి తెస్తారు. ఏటికొప్పాకలో అయితే అంకుడు తెస్తారు. పొనికి ముక్క ఎప్పుడైనా చేతిలో పెట్టుకుని చూశావా? బరువే ఉండదు. నిర్మల్ వెళ్ళినప్పుడు అడిగితే ఒక ముక్క ఇస్తారు, టేబుల్ మీద పెట్టుకుని రాయి.

ఇప్పుడు కథాసరిత్సాగరం. కాశ్మీరంలో సోమదేవుడు రాసింది. మన తెలుగులో వేదం వేంకటరాయశాస్త్రిగారు చేశారు, భాష కాస్త బరువు, ఓపిక పట్టు. రాజ్యధరుడనే వడ్రంగి కథ వెతుక్కో. కంచిలో ఇద్దరన్నదమ్ములు, మయుడు నేర్పిన చెక్కయంత్రాల విద్య తెలిసినవాళ్ళు. అన్న దుబారా మనిషి. డబ్బైపోయాక చెక్కహంసల్ని చేసి, తాళ్ళు కట్టి, కిటికీలోంచి రాజుగారి ఖజానాలోకి పంపి నగలు ముక్కున కరిపించి తెప్పిస్తాడు. పట్టుబడే వేళకి అన్నదమ్ములు ఎగిరే యంత్రాలెక్కి చెరో దిక్కుకి పారిపోతారు. తమ్ముడు దిగింది మనుషుల్లేని నగరంలో. ఉండడానికి మేడలున్నాయి, తలుచుకుంటే తిండి వస్తుంది, పలకరించేవాడే లేడు. అందుకని చెక్కతో పరివారాన్ని చేసుకుని ఆ నగరంలో ఒక్కడే రాజులా ఉంటున్నాడు. ఊరంతా చెక్కమనుషులే. ఆ చెక్కమనుషుల్ని చూస్తే మనకి ఆశ్చర్యం కలుగుతుంది, ఆ వడ్రంగిని చూస్తే జాలి వేస్తుంది. నీ మంత్రగాడికి తలుపు ఎందుకు కావాలి? ఎవరు లేక కట్టుకున్నాడు దాన్ని? 184 పేజీల్లో నాకు దొరకలేదు.

మాయల కథలంటే కాశీమజిలీ కథలు కూడా పెట్టేవాణ్ణి గానీ పన్నెండు భాగాలు పెట్టెలో పట్టలేదు. అందులో సన్యాసి వెంట నడిచే పశువుల కాపరి ప్రతి మజిలీలోనూ ఆ రోజు దారిలో చూసిన వింత గురించే అడుగుతాడు, గుర్తుందా? కథ చెప్తేనే ముందుకి నడుస్తాడు. నువ్వు కూడా కళ్ళతో చూసినదాన్ని పట్టుకుని అడుగు.

చివరివి రెండు, ఇవే నిన్ను ఎక్కువ రోజులు పట్టుకుంటాయి. సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వచ్చింది, 1955లో తెలుగుకి వచ్చిన మొట్టమొదటి సాహిత్య అకాడమీ పురస్కారం దానికే. ఆయన రాజుల యుద్ధాల్ని పక్కకి నెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏం ఆడారు అని కావ్యాల్లో వెతికాడు. మధ్యలో కోపాలు తెచ్చుకుంటాడు, దారి తప్పుతాడు. నాకు ఆ కోపాలూ ఇష్టమే. ఆయన తవ్వుకున్న గనుల్లో క్రీడాభిరామం ఒకటి, అదే రెండో పుస్తకం. కాకతీయుల ఓరుగల్లులో ఇద్దరు స్నేహితులు రోజంతా తిరుగుతారు. పూటకూళ్ళింట్లో ఒక రూకకి ఏం పెట్టేవారో ఒకే పద్యంలో ఉంది: కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఎవరింట్లోనో కూడా చెప్తాడు, లక్ష్మణవజ్ఝల ఇంట్లో. మీ పాడుబడ్డ గుడి కాకతీయుల నాటిదన్నావు కదా. దాన్ని కట్టిన కూలీలు మధ్యాహ్నం ఏం తిన్నారు? రూక పెట్టగలిగినవాళ్ళు కాదనుకుంటాను.

గుడి మాట వచ్చింది కాబట్టి, రామప్ప ఒకసారి చూసి రా. 1213 నాటి శాసనం ఉంది. శిఖరం బరువు తగ్గించడానికి వాడిన ఇటుకని నీళ్ళలో వేస్తే తేలుతుంది. లోపలంతా గుల్లగా ఉంటుంది, కిటుకంతా అదే. నీ కథానాయిక చేతికి ఆ ఇటుక ముక్కనివ్వు, ఏ మంత్రమూ చదవకముందే ఆమె నమ్ముతుంది.

ఇంకో విషయం. ప్రచురణకర్తల దగ్గర్నుంచి జవాబులు రావట్లేదని దిగులుపడ్డావు. కథాసరిత్సాగరం మొదట్లోనే గుణాఢ్యుడి కథ ఉంది. పైశాచీ భాషలో ఏడు లక్షల శ్లోకాలు, సిరా లేక తన నెత్తురుతో రాశాడు. శాతవాహన రాజు దగ్గరికి పంపితే ఇదేం భాష, ఇదేం రాత అని తిప్పికొట్టాడు. అడవిలో కొండమీద కూర్చుని ఒక్కో ఆకూ మృగాలకి చదివి వినిపిస్తూ నిప్పులో వేశాడు. జంతువులు మేత మానేసి విన్నాయి. రాజుగారి పళ్ళెంలో మాంసం ఎండిపోయి ఆయనకి జబ్బు చేసింది, అప్పుడు ఆరా తీసి పరుగెత్తుకొచ్చాడు. అప్పటికి మిగిలింది లక్ష. సాహిత్య విమర్శ వంటింట్లోంచి రాజుకి చేరిన సందర్భం ఇంకోటి నేను వినలేదు. నువ్వు మాత్రం ఏదీ తగలబెట్టకు, పీడీఎఫ్ నా దగ్గర కూడా ఉంది.

నాలుగో అధ్యాయం ఒక్కటే తిరగరాసి పంపు, మిగతావి అప్పుడే ముట్టుకోకు. కథాసరిత్సాగరం అట్ట ఊడిపోయింది, పెట్టెలోంచి అట్ట పట్టుకుని లాగకు. క్రీడాభిరామంలో నా భార్య చేతిరాత ఉంది, అది జాగ్రత్త. ఆ తలుపు ఏ చెక్కో తెలిసిన రోజు ఫోన్ చెయ్యి. రాత్రి తొమ్మిది దాటితే వద్దు, మందులు వేసుకుని పడుకుంటాను.

ఆశీస్సులతో
మీ మాస్టారు