ఐక్లర్ ఇల్లు కొన్న అమ్మాయికి

అమ్మాయ్,

సన్నీవేల్‌లో ఐక్లర్ ఇల్లు, అదే జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డర్ కట్టిన పాతకాలం ఇల్లు, కొన్నారని మీ నాన్న ఫోన్‌లో చెప్తే చాలా సంతోషం వేసింది, ఆ వెంటనే అల్లుడు చెక్క గోడలన్నీ పీకించి షీట్‌రాక్ (జిప్సం పలకలు) వేయిద్దామంటున్నాడని కూడా చెప్పాడు, అందుకే ఆగలేక రాస్తున్నా. నేనూ అలాంటి ఇంట్లోనే ఉంటున్నా కదా, నా మాట విని ఒక ఏడాది ఏమీ కదపకండి. ఒక చలికాలం, ఒక ఎండాకాలం అందులో గడిపాక ఏది మార్చాలో ఏది వద్దో మీకే తెలిసొస్తుంది.

జోసెఫ్ ఐక్లర్ 1949 నుంచి 1966 దాకా కాలిఫోర్నియాలో దాదాపు 11,000 ఇళ్లు కట్టాడు. అంతకుముందు పేరున్న ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ డిజైన్ చేసిన ఇంట్లో అద్దెకున్నాడు, మామూలు ఉద్యోగస్తులకీ ఇలాంటి ఇల్లుండాలని మంచి ఆర్కిటెక్ట్‌లని పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో చాలా కాలనీల్లో తెల్లవాళ్లకి తప్ప ఇళ్లు అమ్మేవాళ్లు కాదు, ఈయన మాత్రం ఎవరికైనా అమ్మాడు, వివక్ష వద్దంటే బిల్డర్ల సంఘం ఒప్పుకోలేదని 1958లో అందులోంచి బయటికొచ్చేశాడు. ఈ వీధుల్లో ఉండే మనవాళ్లందరికీ ఇది తెలియాలి.

వీధిలోంచి చూస్తే గరాజ్, చెక్క గోడ తప్ప ఏం కనపడదు, లోపలికెళ్తే మన మండువా ఇల్లులా మధ్యలో ఆకాశం కనపడే ఏట్రియం, దాని చుట్టూ అద్దాలు. రూమ్ కలిసొస్తుందని దానికి కప్పు మాత్రం వేయించకండి, చుట్టూ ఉన్న గదులన్నిటికీ వెలుతురు అక్కణ్ణుంచే.

అన్నిటికంటే నేల జాగ్రత్త. నేలగా పోసిన కాంక్రీట్ స్లాబ్ లోపల పైపుల్లో వేడినీళ్లు తిరుగుతుంటాయి, ఇంటి హీటింగ్ అదే. కార్పెట్ వేసేవాళ్లు అంచుల్లో మేకులు కొడతారు, కిచెన్ ఐలాండ్ పెట్టేవాళ్లు బోల్ట్‌లు దింపుతారు, ఒక్కటి పైపుకి తగిలినా అంతే. హీటింగ్ ఆన్ చేసి వేడిని చూపించే థర్మల్ కెమెరాతో చూస్తే పైపులు ఎక్కడెక్కడున్నాయో గీతల్లా కనపడతాయి, వాటి మీద టేప్ అంటించాకే ఎవరినైనా డ్రిల్ ముట్టుకోనివ్వండి. బాయిలర్ ప్రెషర్ పడిపోతోందంటే లీకేజీ అనుమానించండి, అప్పుడు మామూలు ప్లంబర్ని పిలిస్తే ఇదంతా వదిలేయమంటాడు, ఐక్లర్ ఇళ్ల పైపులే చూసేవాళ్లుంటారు, వాళ్లని పిలవండి, చాలాసార్లు ఆ ఒక్కచోటే పగలగొట్టి అతికేస్తారు. పాత టైల్స్ ఉంటే పీకేముందు ఆస్‌బెస్టాస్ టెస్ట్ తప్పనిసరి, దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం.

పైన అటక ఉండదు, లోపల కనిపించే చెక్కలే కప్పు. కొత్త రూఫర్ పొడుగు మేకులు వాడితే వాటి మొనలు మీ హాల్ సీలింగ్‌లోంచి బయటికొస్తాయి, ముందే చెప్పండి. ఇన్సులేషన్ కూడా పైనే వేయించాలి.

ఇక ఆ మహాగని గోడలు. పైపొర బాగా పల్చగా ఉంటుంది, గట్టిగా సాండింగ్ చేస్తే లేచిపోతుంది, పెయింట్ వేస్తే మళ్లీ వెనక్కి రాదు. ఎక్కడైనా పాడైతే ఆ ఒక్క షీటే మార్చండి, వీధిలో ఎవరైనా రీమోడల్ చేస్తూ పారేస్తుంటే అడిగి తెచ్చి గరాజ్‌లో దాచుకోండి, నేనదే చేస్తున్నా.

అత్తగారూ మామగారూ వస్తే చాలదని పైన ఫ్లోర్ అనుకుంటున్నారేమో, అది మాత్రం వద్దు తల్లీ. పక్కింటి వెనక గోడంతా అద్దమే, మీ కిటికీలోంచి వాళ్ల ఇల్లంతా కనపడుతుంది. అందుకే చాలా వీధుల్లో ఇళ్లవాళ్లే సంతకాలు పెట్టి సిటీతో ఒక్క అంతస్తు రూల్ తెప్పించుకున్నారు. పాలో ఆల్టోలో గ్రీన్ గేబుల్స్, గ్రీన్‌మెడో అనే ఐక్లర్ కాలనీలు 2005లో నేషనల్ రిజిస్టర్‌లోకి, అంటే దేశంలోని చారిత్రక కట్టడాల జాబితాలోకి, ఎక్కాయి, అది గౌరవమే కానీ ఓనర్ సొంత డబ్బుతో మార్చుకుంటే అది ఆపలేదు, నిజంగా ఆపేది సిటీ పెట్టే ఈ ఒక్క అంతస్తు జోనింగ్ రూలే. మీ వీధికి ఉందో లేదో సిటీ హాల్లో కనుక్కోండి, సన్నీవేల్‌కి ఐక్లర్ ఇళ్ల గైడ్‌లైన్స్ కూడా ఉన్నాయి, అల్లుడితో చదివించు. గది కావాలంటే వెనకవైపు అదే ఎత్తులో కలుపుకోవచ్చు.

కాంట్రాక్టర్‌కి అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఆపండి. శనివారం కెమెరా పట్టుకుని నేనే వస్తా, పొద్దున్నే హీటింగ్ ఆన్ చేసి ఉంచండి.

మీ పెదనాన్న