997 వచ్చిందని నిశ్చింతగా కూర్చోకు బిడ్డా

బిడ్డా,

మీ బాపు నిన్న ఫోన్ చేశాడు. అమెరికా బయ్యర్ ఒకాయన మన కొత్తవాడ జంపఖానాలు తీసుకుంటాడట, ఆర్డర్లన్నీ ఈడీఐలోనే, అంటే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు ఫైళ్లుగానే పంపుతాడట, ఆ పని నువ్వే నేర్చుకుంటానన్నావట. రాత్రి నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్.

ముందుగా బయ్యర్ దగ్గర ఇంప్లిమెంటేషన్ గైడ్, అంటే ఫైళ్లు ఎలా రాయాలో చెప్పే పుస్తకం తీసుకో. అమెరికా వాళ్లు కాబట్టి ఎక్స్12 అనే ఫైలు పద్ధతి ఉంటుంది, అందులో ఒక్కో కాగితానికి ఒక్కో నంబరు: ఆర్డర్ 850, సరుకు పంపుతున్నామని చెప్పేది 856, బిల్లు 810. ఫైళ్లు నేరుగా పంపే ఏఎస్2 కనెక్షనా, మధ్యలో ఒక కంపెనీ చేరవేసే వ్యాన్ సర్వీసా అన్నది వాళ్లే చెప్తారు. ఇదంతా నీకు తొందరగానే వచ్చేస్తుంది.

నా భయమంతా 997 గురించే. నువ్వు 810 పంపగానే వాళ్ల నుంచి 997 వస్తుంది, అంటే ఫైలు అందింది, రాసిన పద్ధతి సరిగ్గా ఉందో లేదో చెప్పే రసీదు. అందులో ఏకే9 లైన్‌లో 'ఏ' ఉంటే ఫైలు తీసుకున్నట్టు.

హైదరాబాద్‌లో నేను ఒక ఎక్స్‌పోర్ట్ కంపెనీలో డిస్పాచ్ చూసే రోజుల్లో అకౌంట్స్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు. చురుకైనవాడు. 997లో 'ఏ' కనిపిస్తే రిజిస్టర్‌లో టిక్కు పెట్టేవాడు, ఇక డబ్బు వచ్చినట్టే అనుకునేవాడు. ఒకసారి టేబుల్ నాప్కిన్ల ఆర్డర్ వచ్చింది. 850లో సరుకు వివరం ఉండే పీఓ1 లైన్‌లో డీజెడ్, అంటే డజన్లు. మా సాఫ్ట్‌వేర్ మాత్రం బిల్లులో అదే సంఖ్య పక్కన ఈఏ అని, అంటే విడి పీసులని పంపింది. ఫైలు రాసిన పద్ధతిలో తప్పు లేదు కాబట్టి 997 'ఏ' అనే వచ్చింది. రిజిస్టర్ పోస్టు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు చూసి ఉత్తరంలో అడిగిందానికి ఒప్పుకున్నారని ఎవరైనా అనుకుంటారా? ఇదీ అంతే. బయ్యర్ సిస్టమ్ ఆర్డర్‌తో సరిచూసి ఆ బిల్లును పక్కన పెట్టి, కారణం రాసి 824 పంపింది, అంటే లోపలి విషయంలో తప్పుందని చెప్పే ఫైలు. ఆ 824లు ఒక ఫోల్డర్‌లో పడుతున్నాయి, తెరిచే దిక్కు లేదు. సరుకు నేసిచ్చిన సిరిసిల్ల వాళ్లు పండగ ముందు డబ్బు కోసం గేటు దగ్గర నిలబడ్డారు. మేనేజర్ ఆ కుర్రాణ్ణి అందరి ముందు తిట్టాడు. 824 అనేది ఒకటి ఉంటుందని ఆ పిల్లాడికి చెప్పినవాళ్లే లేరు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అందుకే టెస్టింగ్ మొదలైన రోజే అడుగు: బిల్లులో తప్పుంటే 824 పంపుతారా, మెయిల్ చేస్తారా, పోర్టల్‌లో పెడతారా? ఆ కబురు నీకూ, మీ బాపుకూ ఇద్దరికీ రావాలి. తర్వాత చూద్దాంలే అంటావు చూడు, ఆ అలవాటు మానుకో. హాల్ టికెట్ ఇంట్లో మరిచి హన్మకొండ దాకా పోయి ఏడ్చినదానివి. స్కూటర్ మీద తెచ్చిచ్చాను కాబట్టి సరిపోయింది. అయినా ఆ పరీక్షలో ఎంత బాగా రాశావో నాకు గుర్తుంది.

ఇంకొకటి. ఎరుపు నాలుగు బై ఆరు, నీలం నాలుగు బై ఆరు మన దగ్గర ఒకే రేటు, ఒకే రకం. వాళ్ల లెక్కలో రెండింటికీ వేర్వేరు ఐటెం నంబర్లు. ప్యాకింగ్‌లో ఆఖరి నిమిషాన ఒక కట్ట మార్చారంటే, లారీ కదిలేలోపు 856 కూడా మారాలి. మీ బాపు ఒప్పుకోడు, "ఒక్కటే కదా" అంటాడు. నువ్వు వినకు.

ఆదివారం రా. టెస్ట్ 850, నువ్వు తయారు చేసిన 810 రెండూ ప్రింట్ తీసుకురా, లైన్ లైన్ పక్కపక్కన పెట్టి చూద్దాం. పెద్దమ్మ సర్వపిండి చేస్తానంటోంది.

మీ పెద్దబాపు