పక్కింటాయన దారి మూసేస్తే పిల్ వేయొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. మా తాత కాలం నుంచి పక్క సందులోంచే మా రాకపోకలు. పక్కింటాయన పలుకుబడి చూసుకుని ఏడాదిన్నర క్రితం అడ్డంగా గోడ కట్టేశాడు. అమ్మ మంచాన పడింది, ఆటో రావాలంటే వెనక బజారు చుట్టూ తిరగాలి. పంచాయతీలో అర్జీ ఇస్తే దిక్కులేదు, రసీదు కూడా తీసుకోలేదు. మా బావగారికి ఒక సంఘం ఉంది, దాని పేరు మీద హైకోర్టులో పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వేస్తే తొందరగా తేలుతుందంటున్నారు. నిజమేనా?

జవాబు: పిల్ మాట మర్చిపోండి. మీరు ఇంత రాశారు గానీ ఆ సందు ఎవరిదో ఒక్క ముక్క రాయలేదు, కేసంతా దాని మీదే ఉంది.

పంచాయతీ దారి అయితే గ్రామ నక్షలోనో లేఅవుట్‌లోనో ఉంటుంది, ఆర్టీఐ పెట్టి కాపీ తీసుకోండి. అప్పుడు కూడా పిల్ అక్కర్లేదు, అర్జీ మీద పంచాయతీ కదల్లేదని మీ పేరు మీదే హైకోర్టులో మామూలు రిట్ (అధికారుల్ని పని చేయమని ఆదేశించమనే పిటిషన్) వేయొచ్చు. అదే పక్కాయన సొంత జాగా అయితే మీకున్నది వాడుక హక్కు మాత్రమే. వెనక బజారు నుంచి ఇంకో దారి ఉందని మీరే రాశారు కాబట్టి వేరే గతిలేదన్న వాదన నిలబడదు. దస్తావేజులో దారి రాసి ఉండాలి, లేదా 20 ఏళ్లు ఎవరి పర్మిషన్ అడక్కుండా, గొడవ లేకుండా బాహాటంగా నడిచినట్టు రుజువు చేయాలి. ఇక్కడే జాగ్రత్త, ఈజ్‌మెంట్స్ చట్టం (ఇతరుల జాగా మీద వాడుక హక్కుల చట్టం) సెక్షన్ 15 ప్రకారం ఆ 20 ఏళ్ల వాడుక దావా వేసే తేదీకి ముందు రెండేళ్ల లోపల ముగిసినదై ఉండాలి. ఏడాదిన్నర అయిపోయింది, మీ చేతిలో ఉన్నది ఆరు నెలలే.

బావగారి పేరు మీద పిల్ వేస్తే ఆ ఆరు నెలలు అక్కడే కరిగిపోతాయి. తప్పు కోర్టులో పోయిన టైం కలిసొస్తుందిలే అని ఎవరైనా లిమిటేషన్ చట్టం (కేసులకి గడువు పెట్టే చట్టం) సెక్షన్ 14 చూపిస్తే నమ్మకండి, అది నిజాయితీగా స్వయంగా కేసు నడిపిన వాదికే, సంఘం మాటున ఉన్నవాళ్లకి కాదు. పైగా సొంత ప్రయోజనం లేదని బావగారు అఫిడవిట్‌లో ప్రమాణం చేయాలి, మీరు బావమరిది అని అవతల లాయర్ చెప్పిన క్షణమే అది తప్పుడు అఫిడవిట్. 1991లో సుభాష్ కుమార్ కేసులో ఒక బొగ్గు కంపెనీ వల్ల బొకారో నది కాలుష్యమని పిల్ వేశారు, మంచినీళ్లు జీవించే హక్కులో భాగమే అని సుప్రీంకోర్టు ఒప్పుకుంటూనే, పిటిషనర్‌కి ఆ కంపెనీ స్లర్రీ (బొగ్గు కడిగితే వచ్చే బురద) మీద సొంత వ్యాపార లావాదేవీ ఉందని తేలేసరికి 5,000 ఖర్చులు వేసి కొట్టేసింది. నది విషయమే అలా పోతే మీ సందు సంగతి ఎవరు వింటారు? పిల్ దుర్వినియోగాన్ని అరికట్టమని 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన బల్వంత్ సింగ్ చౌఫాల్ తీర్పు తర్వాత హైకోర్టులు ఇంకా గట్టిగా చూస్తున్నాయి. నిజంగా గతిలేని వాళ్ల కోసం పెట్టిన తలుపు పిల్, మనం పాడుచేయకూడదు.

ఇంకోటి, అర్జీ ఇచ్చి రసీదు తీసుకోకపోవడం ఏంటండీ! గోడ కట్టగానే అభ్యంతరం చెప్పారనడానికి అదే సాక్ష్యం. ఏడాది పాటు ఊరుకున్నారని తేలితే వాడుక తెగిపోయినట్టే లెక్క. పంచాయతీ ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో (వచ్చిన అర్జీలు రాసే పుస్తకం) ఎంట్రీ ఉందేమో ఆర్టీఐలో అడగండి, ఆ రోజుల్లో తీసిన ఫోన్ ఫోటోలు, వాట్సాప్ మెసేజ్‌లు చెరపకండి.

ఈ వారమే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి మీ దస్తావేజుతో పాటు పక్కాయన దస్తావేజు, దాని లింకు డాక్యుమెంట్లు (అంతకుముందటి దస్తావేజులు) సర్టిఫైడ్ కాపీలు తీయించండి. హద్దుల దగ్గర చూడండి. ఆయన కాగితంలోనే "పడమర: రాకపోకల దారి" అని ఉంటే సగం కేసు గెలిచినట్టే. ఊళ్లో పెద్దవాళ్లు ఇద్దరిని సాక్ష్యానికి ఒప్పించుకుని జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో హక్కు ప్రకటించమని, గోడ తీయించమని దావా వేయండి, గోడ కొలిచి రిపోర్టు ఇవ్వడానికి అడ్వకేట్ కమిషనర్‌ని (కోర్టు పంపే లాయర్‌ని) కూడా అప్పుడే అడగండి. పంచాయతీని పార్టీగా చేర్చాలంటే నోటీసుకే రెండు నెలల దాకా పోతుంది కాబట్టి ఆ సంగతి మీ లాయర్‌తో ముందే మాట్లాడుకోండి.