ఏకకణ జీవి అంటే అంత చులకనా?

"ఏకకణ జీవులు సరళమైనవి, బహుకణ జీవులు సంక్లిష్టమైనవి అని మా పాపకు చెబితే సరిపోతుందా?" అని ఒకరు అడిగారు. సరిపోదండీ. ఆ "సరళమైనవి" అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంటర్ బైపీసీ పిల్లలకు చాలాకాలం జువాలజీ చెప్పాను. ల్యాబ్‌లో ఉన్నవన్నీ రంగు వేసిన పాత స్లైడ్లే. చెరువు నీటిలో ఉండే ఏకకణ జీవి పారమీషియం. చచ్చిన పారమీషియాన్ని చూపించి బొమ్మ వేయమంటే పిల్లలు గైడు చూసి వేస్తారు. రికార్డు నిండుతుంది, సంతకం పడుతుంది, అంతటితో సైన్సు అయిపోతుంది. విసుగొచ్చి ఓసారి వరిగడ్డి ఉడికించిన నీళ్లు చల్లార్చి, కాస్త చెరువు నీరు కలిపి సీసాలో వదిలేశాను. కొద్దిరోజులకు ల్యాబంతా కంపు. అటెండరు నన్ను తిట్టుకోని పూట లేదు.

ఆ నీటి చుక్క స్లైడు మీద వేసి, పారమీషియాలు మరీ పరుగెత్తకుండా కాసిని దూది పోగులు పరిచాం. ఒకటి సర్రున వచ్చి పోగుకు కొట్టుకుంది. వెనక్కి జరిగి, కొంచెం పక్కకు తిరిగి, మళ్లీ ముందుకొచ్చింది. మళ్లీ తగిలింది. మళ్లీ వెనక్కి. దారి దొరికేదాకా అదే వరస. మైక్రోస్కోపు వదలకుండా చూస్తున్న ఒకమ్మాయి, "సార్, దీనికి మెదడు లేదు కదా, వెనక్కి తిప్పిందెవరు?" అంది. అంత మంచి ప్రశ్న నేను ఏ ప్రశ్నపత్రంలోనూ చూడలేదు. ముందు భాగానికి దెబ్బ తగలగానే పైపొర గుండా కాల్షియం లోపలికి వస్తుంది, ఒంటి మీది సన్నటి వెంట్రుకల్లాంటి శైలికలు ఎదురు దిశలో కొట్టుకుంటాయి. నరమూ లేదు, కండరమూ లేదు. తినడం, లోపల చేరిన నీటిని సంకోచ రిక్తికలు అనే ముడుచుకునే సంచులతో బయటికి తోడడం, రెండుగా చీలడం అన్నీ ఆ ఒక్క కణమే చేసుకుంటుంది.

మన కాలేయ కణాన్ని తీసి అదే నీటిలో వేయండి, ఎంతసేపు బతుకుతుంది? నన్నడిగితే అసలు తేడా ఈ పరాధీనతలోనే ఉంది, కణాల లెక్కలో కాదు. వాల్వాక్స్ అనే మంచినీటి నాచులో వందలు, వేల కణాలు గోళంగా చేరి ఉంటాయి. పిల్ల గోళాలను కనేది మాత్రం కొన్నే. మిగతావి కొరడాల్లాంటి కశాభాలు ఆడించి గోళాన్ని ఈదిస్తూ, సంతానం లేకుండానే పోతాయి. మన ఒంట్లో ఇలాంటి కట్టుబాటు తప్పి ఇష్టమొచ్చినట్టు చీలిపోయే కణాలనే మనం క్యాన్సర్ అంటున్నాం.

చులకన చేసేవాళ్లకు ఇంకో మాట. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో చూసిన మలేరియా క్రిమి కూడా ఏకకణ జీవే. మన కాలేయంలో ఒక రూపం, రక్తంలో మరొకటి, దోమలో ఇంకొకటి. దీన్ని సరళం అనడానికి నోరెలా వస్తుందో పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లే చెప్పాలి.

పాపకు తేడాల పట్టిక బట్టీ పట్టించకుండా ఆ గడ్డి నీళ్ల సీసా పెట్టండి. మినరల్ వాటర్ వద్దు, చెరువు నీరే కావాలి. మైక్రోస్కోపు లేకపోయినా ఫర్వాలేదు. సీసా మీద పక్క నుంచి వెలుతురు పడేలా ఉంచి, వెనక నల్ల కాగితం పెట్టి చూస్తే పెద్ద పారమీషియాలు తెల్లటి నలుసుల్లా కదులుతూ కంటికే కనిపిస్తాయి.