పదమూడు నెలల సంవత్సరం

మార్చి 19న పరాభవ నామ సంవత్సరం మొదలవుతుంది. ఈ ఉగాదికి ఏ సరదాను మొదలుపెట్టాలనుకుంటున్నారో, అందుకు అడ్డుపడుతున్నదేమిటో రాయమని గత సంచికలో పాఠకులను కోరాము. వచ్చిన ఉత్తరాలలో జీతాలు, స్థలాలు, సంబంధాల ఊసు దాదాపుగా లేకపోవడం, కుండీలు, పిట్టలు, ముగ్గులు, పద్యాల ముచ్చట నిండుగా ఉండడం నాకెంతో సంతోషం కలిగించింది. చోటు చాలినంతవరకు కొన్నింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, ఈ ఏడాది వీణ నేర్చుకుందామని ఎంతో ఆశపడ్డాను. సంవత్సరం పేరు పరాభవ అని తెలియగానే మా అత్తగారు “వచ్చే ఏడాది చూద్దాంలే” అన్నారు. ఆగమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆగవద్దు తల్లీ. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే 60 పేర్ల వరుసలో పరాభవ 40వది. ఆ వరుస మన ఇష్టాయిష్టాలతో పని లేకుండా నడుస్తుంది. ఇదే పేరుగల సంవత్సరం ఇంతకుముందు 1966లో వచ్చింది; ఆ ఏడాది పుట్టిన పిల్లలు పెరిగి పెద్దవారై, ఈ ఏడాది షష్టిపూర్తి పీటల మీద కూర్చోబోతున్నారు. అంటే ఎన్నో ఇళ్లలో ఈ పేరుతోనే మామిడి తోరణాలు కట్టబోతున్నారన్నమాట.

పేరును పక్కన పెట్టి పంచాంగంలో మరో సంగతి చూడండి. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులది కాబట్టి సూర్యుడి లెక్కకు ఏటా పదకొండు రోజులు వెనుకబడుతుంది. ఆ తేడా పూడ్చడానికి రెండున్నర, మూడేళ్లకొకసారి అధికమాసం వస్తుంది. ఈసారి వచ్చింది అధిక జ్యేష్ఠం, మే 17 నుండి జూన్ 15 వరకు. మళ్లీ ఉగాది 2027 ఏప్రిల్ 7న గాని రాదు. ఈ ఉగాది నుండి ఆ ఉగాదికి లెక్కపెడితే 384 రోజులు. ఏదైనా నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకంటే పెద్ద సంవత్సరం దొరకదు. అధికమాసంలో కొత్తవి మొదలుపెట్టరాదంటారే గాని, మొదలుపెట్టినవాటిని మానమని ఎవరూ అనరు. పైగా ఆ నెలలో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఉండవు కాబట్టి సాయంత్రాలు మీవే. అందుచేత చైత్రంలోనో వైశాఖంలోనో ఒక మంచిరోజు చూడమని అత్తగారినే అడగండి. ఆమె చూసిపెట్టిన రోజున తొలిపాఠం మొదలుపెడితే, అధిక జ్యేష్ఠం వచ్చేసరికి మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు చేతికి అలవాటవుతూ ఉంటాయి. మొదటి వారాలలో ఎడమచేతి వేళ్ల కొసలు తంత్రుల ఒరిపిడికి మండుతాయి. భయపడకండి, చర్మం గట్టిపడ్డాక ఆ బాధ ఉండదు.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం నుండి ఈ మధ్యనే విరమణ పొందాను. నాకు ఏ కళా రాదు. కొత్తగా సాధన చేసే ఓపికా లేదు. ఉదయం నడకకు వెళ్లి వచ్చాక రోజంతా ఏం చేయాలో తోచడం లేదు.
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మీరు ఉదయం నడకకు వెళుతున్నానన్నారు గనుక, మీ సరదా సగం మొదలైనట్టేనని నా నమ్మకం. ఆ నడకలో తల పైకెత్తి పిట్టలను చూడండి. అందుకు కళ అక్కర్లేదు, సాధన అక్కర్లేదు. కావలసినది నిలబడి చూసే తీరిక, ఇప్పుడది మీకున్నది.

ఈ వసంతంలో కోయిలతో మొదలుపెట్టండి. “కూ” అని పాడేది మగది. గండుకోయిల అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు, కళ్లు ఎర్రగా ఉంటాయి. ఆడది గోధుమరంగు మీద తెల్లటి చుక్కలతో ఉండి, తడవకు “కిక్ కిక్” అంటూ చెట్టు మారుతుంది. అది గుడ్లు పెట్టేది కాకి గూటిలో కాబట్టి, కాకులు ఒక కోయిలను తరుముతూ కనిపిస్తే ఆ దగ్గరలో గూడు ఉన్నదేమో గమనించండి. ఈ ఒక్క పిట్టతోనే మీకు నెల రోజులు గడిచిపోతాయి.

వానలు మొదలయ్యాక తాటిచెట్లకు, ఈతచెట్లకు గిజిగాళ్లు వేలాడే గూళ్లు అల్లుతాయి. అల్లేది మగపిట్ట. సగం గూడు అల్లి, ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి లోపలా బయటా చూసి, నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. నచ్చక వదిలేసిన సగం గూళ్లు కూడా అదే చెట్టుకు వేలాడుతుంటాయి. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరని దృశ్యమిది. ఇక చలికాలానికి మీరు అదృష్టవంతులు. మీ ఊరికి దగ్గరలోనే కోరింగ మడ అడవులున్నాయి. దూరదేశాల నుండి వలసవచ్చే నీటిపిట్టలు అప్పుడు అక్కడి బురదనేలల మీద మేత వెతుక్కుంటాయి. అప్పటికి మీకు ఈ ముచ్చట ఒంటబడితే 8×42 కొలత గల (ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే, ముందు అద్దం 42 మిల్లీమీటర్లుండే) బైనాక్యులర్స్ కొనుక్కోండి, అంతవరకు కొనవద్దు. రోజుకొక వాక్యం చొప్పున, తేదీతో, ఏ పిట్ట ఎక్కడ కనిపించిందో రాసి ఉంచండి. వచ్చే ఉగాదికి ఆ పుస్తకం నుండి నాలుగు వాక్యాలు మాకు పంపితే ఈ శీర్షికలోనే వేసుకుంటాము.

ప్రశ్న: బాల్కనీలో కొత్తిమీర మూడుసార్లు వేశాను, మూడుసార్లూ ఎండిపోయింది. మొక్కలు నా చేతికి అచ్చిరావని వదిలేయమంటారా?
– ఒక పాఠకుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: తప్పు మీ చేతిది కాదు బాబూ, ఋతువుది. కొత్తిమీర చల్లదనం కోరే మొక్క. ధనియాలు నలిపి రెండు బద్దలు చేసి వేసినా మొలక రావడానికి పది రోజులదాకా పట్టవచ్చు. వేసవిలో ఆ మొలక నిలవడం కష్టం. ఇప్పుడు ఎండను ఇష్టపడే తోటకూర వేయండి. జానెడు లోతున్న వెడల్పాటి కుండీ, సగం మట్టి, మిగతా సగంలో కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి చాలు. విత్తనం ఆవగింజకంటే చిన్నది కాబట్టి ఇసుకలో కలిపి పలుచగా చల్లండి. దట్టంగా మొలిచిన చోట లేత మొక్కలు పీకి పప్పులో వేసుకోవచ్చు. నెల తిరిగేలోపు మొదటి కోత వస్తుంది. బచ్చలి, గోంగూర కూడా ఈ ఎండలకు తట్టుకుంటాయి. కొత్తిమీర, మెంతికూర అక్టోబరు చివర్లో వేయండి. అదే బాల్కనీలో, అదే చేతితో అవి ఎలా వస్తాయో మీరే చూస్తారు.

ప్రశ్న: నాకు సంగీతమూ రాదు, కుట్టుపనీ రాదు. వచ్చిందల్లా ముగ్గులు వేయడమే. సాయంత్రానికి తుడిచిపెట్టుకుపోయేదానికి అంతసేపు వంగి కూర్చోవడమెందుకని ఇంట్లో అంటారు. ముగ్గును అభిరుచి అని రాసుకోవచ్చా?
– ఒక గృహిణి, వరంగల్

జవాబు: తప్పకుండా రాసుకోవచ్చు, మొదటి వరుసలోనే రాసుకోవాలి. మీరు చేస్తున్నదేమిటో ఇంట్లోవారికి లెక్కతో చూపించండి. 15 చుక్కలు, సందుచుక్క, 8 వరకు అన్నామనుకోండి. నడుమ 15 పెట్టి, అటూ ఇటూ వేసే ప్రతి వరుసను ముందు వరుస చుక్కల సందుల్లో పెడుతూ, వరుసకొకటి తగ్గించుకుంటూ 8 దగ్గర ఆపుతాము. అన్నీ కూడితే 169 చుక్కలు, ఆరు పక్కలున్న నిండైన ఆకారం. కొలబద్ద లేకుండా, గీత లేకుండా, చీకటితో లేచి, వేళ్ల సందున జారే పిండితో, వరుస వంకర పోకుండా 169 చుక్కలు పెట్టగలవారు ఎంతమంది ఉంటారు? మెలికల ముగ్గైతే ఇంకా కష్టం. చుక్కను తాకకుండా, ప్రతి చుక్క చుట్టూ తిరిగి, గీత బయలుదేరిన చోటికే వచ్చి కలవాలి. ఒక్క మలుపు తప్పినా ముగ్గు మూతపడదు.

తుడిచిపోవడం గురించి నేనొకటి చెబుతాను. బియ్యప్పిండితో వేసిన ముగ్గును చీమలు తింటాయి, పిచ్చుకలు ముక్కున కరచుకుపోతాయి. మధ్యాహ్నానికి అది చెరిగిపోతే, దాన్ని వృథా అనడానికి నాకు మనసొప్పదు. అయినా మీరు వేసినవి నిలిచిపోవాలన్న కోరిక మీకు ఉన్నట్టు ఉత్తరంలో కనిపిస్తున్నది గనుక, గళ్ల నోటుపుస్తకం ఒకటి తీసుకొని, వారానికొక ముగ్గు చుక్కల లెక్కతో సహా దించండి. మీ అమ్మగారి దగ్గర నేర్చుకున్నవి, పక్కింటి గడపలో చూసి పట్టుకున్నవి, మీరే కల్పించినవి వేరువేరుగా గుర్తుపెట్టండి. ఈ పదమూడు నెలల సంవత్సరంలో యాభై దాటుతాయి.

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. స్టాంపులు, నాణేలు, అగ్గిపెట్టె బొమ్మలు మూడూ పోగుచేస్తున్నాను. ఒక్కటే ఉంచుకోమని నాన్న అంటున్నారు.
– ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: మూడూ ఉంచుకో తల్లీ. నాణేలను మాత్రం తోమి మెరిపించకు. పాతదనం పోతే విలువ పోతుంది. కవరు మీది స్టాంపును గోటితో పీకకుండా, కాగితంతో సహా కత్తిరించి, కాసేపు మామూలు నీళ్లలో నానబెడితే అదే ఊడివస్తుంది. వేటి మీద ఇష్టం ఎక్కువో రెండేళ్లలో నీకే తెలుస్తుంది.

ప్రశ్న: మా పిల్లలకు తెలుగు మాటలు వచ్చు గాని పద్యం అంటే పారిపోతారు. ఈ ఏడాది వాళ్లతో కలిసి నేనూ పద్యాలు నేర్చుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక తల్లి, డాలస్

జవాబు: వేమన పద్యంతో మొదలుపెట్టండి. అవి ఎక్కువగా ఆటవెలదులు. ఆ పేరులోనే ఆట ఉంది. పాదానికి ఐదు గణాలు, అంటే ఐదు అక్షరాల గుంపులు; గణానికొక చప్పట్ల దెబ్బ చొప్పున కొడితే పద్యం మొత్తానికి ఇరవై చప్పట్లు. మొదట మీరు పద్యం చదువుతుంటే పిల్లలు చప్పట్లు మాత్రమే కొట్టాలి, తరువాత మారాలి. నాలుగో పాదం మకుటం కాబట్టి ఒక్కసారి వస్తే చాలు, ఆపైన ప్రతి కొత్త పద్యానికీ మూడు పాదాలే నేర్చుకోవాలి. అర్థం ముందుగా చెప్పకండి. వాళ్లే అడిగేదాకా ఆగండి.

ప్రశ్న: అందరికీ చెబుతున్నారు సరే. ఈ సంవత్సరానికి మీరేం అనుకున్నారు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అడిగినందుకు కృతజ్ఞతలు. మా అమ్మకు 84 ఏళ్లు. ఆమె ఆవకాయకు కాగితం మీద కొలత లేదు. ముక్కలు పళ్లెంలో పోసి, ఆవపిండి, కారం, ఉప్పు గుప్పెళ్లతో వేస్తూ, కలిపిన చేతిని వాసన చూసి, “ఇంకాస్త” అంటుంది. ఎంత అని అడిగితే, చేతికి తెలుస్తుందంటుంది. ఇన్నేళ్లుగా ఆ జాడీ తెచ్చుకొని తిన్నానే గాని, ఏనాడూ పక్కన కూర్చుని చూడలేదు.

ఈ మేలో సెలవు పెట్టి అమ్మ దగ్గరకు వెళ్తున్నాను. ఆమె ప్రతి గుప్పెడూ పళ్లెంలో పడకముందే నా గిన్నెలోకి పట్టి, తూచి, పుస్తకంలో రాసుకోవాలని నిశ్చయించుకున్నాను. ఫోనులో ఈ మాట చెబితే అమ్మ చాలాసేపు నవ్వి, కాయ ముదిరాక రమ్మంది, వచ్చేటప్పుడు త్రాసు కూడా తెచ్చుకోమంది.